రీసైకిల్ వస్తువు కొనేముందు తిరగేసి చూడండి, స్క్రూ ఉందా అని

ప్రశ్న: రీసైకిల్ చేసిన పదార్థాలతో తయారైన వస్తువులు కొంటే నిజంగా లాభం ఉందా? మీరు చూసినవాటిలో తెలివైన డిజైన్ ఏది?

లాభం ఉంది, కానీ డబ్బా మీద రాసినంత కాదు. దేంతో చేశారన్నది నేను తర్వాత చూస్తాను. అది విప్పడానికి వస్తుందా రాదా అన్నదే ముందు చూస్తాను.

నాకీ పట్టుదల ఒక టేబుల్ ల్యాంప్ వల్ల వచ్చింది. ఎవరో కానుకగా ఇచ్చారు. వాడేసిన కాఫీ పిప్పిని రెజిన్‌లో, అంటే ఆరితే గట్టిపడే జిగురులాంటి ప్లాస్టిక్‌లో, కలిపి పోత పోసిన దిమ్మ అది. ముదురు గోధుమ రంగు, దగ్గరగా చూస్తే నల్లటి నలకలు, తడిమితే కాస్త గరుకు. చూడముచ్చటగానే ఉంది. గ్యారంటీ ఇలా అయిపోయిందో లేదో, లైటు మిణుకుమిణుకుమనడం మొదలుపెట్టి ఒకరోజు పూర్తిగా ఆరిపోయింది.

బాగుచేద్దామని తిరగేస్తే ఒక్క స్క్రూ కనపడలేదు. అడుగున అంటించిన మెత్తటి గుడ్డ పీకాను. దాని కింద గట్టిపడిన గమ్. చాకుతో గీకితే ఒక ప్లాస్టిక్ మూత బయటపడింది, దాన్నీ గమ్‌తోనే బిగించారు. స్క్రూడ్రైవర్ దూర్చి లేపేసరికి మూత రెండు ముక్కలైంది. లోపల ఎల్‌ఈడీ ఒక అల్యూమినియం రేకుకి, ఆ రేకు దిమ్మకి అతుక్కుపోయి ఉన్నాయి. మెకానిక్ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది విప్పేది కాదు సార్, పగలగొట్టేదే" అన్నాడు.

పోనీ రీసైక్లింగ్‌కి ఇద్దామా అంటే, ఇలాంటి రెజిన్ ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు. అందులో చిక్కుకున్న కాఫీ పిప్పి ఎరువుకీ పనికిరాదు. మామూలుగా మట్టిలో కలిసిపోయే పిప్పిని పట్టుకొచ్చి, ఎందుకూ కొరగాని రాయిగా మార్చారన్నమాట! మొత్తం ల్యాంప్‌లో విలువైనది ఆ రేకే. అల్యూమినియాన్ని ఖనిజం నుంచి కొత్తగా తీయడానికి పట్టే శక్తిలో దాదాపు 5 శాతంతోనే కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. ఆ రేకు కూడా దిమ్మతో పాటే చెత్తబుట్టలోకి పోయింది.

దాంతో వచ్చిన ట్యాగ్ మీద మాత్రం ఆకుపచ్చ ఆకు బొమ్మ, జనపనార తాడు, ఈ కాగితాన్ని నాటితే మొక్క మొలుస్తుందన్న హామీ! అట్టపెట్టె గోధుమ రంగులో ఉంటే చాలు, భూమిని కాపాడేసినట్టే అనుకుంటారు కాబోలు. బాటిళ్లతో చేసిన టీషర్టుల మీదా నాకు ఇదే కోపం. శుభ్రమైన పెట్ (PET అనే ప్లాస్టిక్) బాటిల్‌ని మళ్లీ బాటిల్‌గా చేయొచ్చు. దాన్ని దారంగా తీసి పత్తితో కలిపి నేశాక ఆ రెండింటినీ విడదీయడం మహా కష్టం. పైగా ఉతికినప్పుడల్లా సన్నటి ప్లాస్టిక్ పోగులు నీళ్లలో కలుస్తాయి.

ఇక తెలివైన డిజైన్ సంగతి. 1993లో జ్యూరిక్‌లో మార్కుస్, డానియేల్ ఫ్రైటాగ్ అనే అన్నదమ్ములు పాత లారీ టార్పాలిన్లతో సంచులు కుట్టడం మొదలుపెట్టారు. భుజం పట్టీకి కారు సీటు బెల్టు, అంచులకి సైకిల్ ట్యూబు. నాకు నచ్చేదేమిటంటే, వాళ్లు దేన్నీ కరిగించలేదు. ఎండకీ వానకీ తట్టుకోవడానికే పుట్టిన గుడ్డని కడిగి, కోసి, కుట్టి, అదే పనికి వాడారు. కుట్టు ఊడితే మళ్లీ కుట్టుకోవచ్చు.

ఇంకా ముందుచూపున్నది 1963 నాటి హైనెకెన్ బీరు సీసా. తాగేశాక ఇటుకలా పేర్చి గోడ కట్టుకునేలా, జాన్ హబ్రాకెన్ అనే డచ్ ఆర్కిటెక్ట్ దాన్ని చదునైన పక్కలతో గీశాడు. ఒకదాని మూతి పక్కదాని అడుగున ఉన్న గుంటలో ఇమిడిపోతుంది. అది పెద్దగా జనంలోకి వెళ్లలేదు, నా దృష్టిలో అది అమ్మకాల తప్పే గానీ డిజైన్ తప్పు కాదు. ఖాళీ అయ్యాక సీసా గతేమిటన్నది అది తయారు కాకముందే ఆలోచించాడు మరి.

మీరు కొనేటట్టయితే అమ్మేవాళ్లని విడిభాగాలు దొరుకుతాయా అని అడగండి. చాలామంది వెబ్‌సైట్లలో "మా కథ" అని పేజీలకు పేజీలు ఉంటాయి గానీ, ఊడిపోయిన జిప్పు ఎక్కడ దొరుకుతుందో ఉండదు. అది చెప్పగలిగినవాళ్ల దగ్గరే కొనండి, రీసైకిల్ సరుకు కాకపోయినా సరే.