బాగుంది, బాగోలేదు అన్న తర్వాత

చిరంజీవి శ్రావణికి,

బాబాయి ఆశీస్సులు. నువ్వు పంపిన నాలుగు అభిప్రాయాలూ చదివాను. పుస్తకం మీద రాసింది బాగా వచ్చింది. సినిమాదీ ఫర్వాలేదు. మెటల్ సంగీతం మీద, వీడియో గేమ్ మీద రాసినవాటిలోనే తీర్పు ముందొచ్చేసి, కారణాలు వెనకబడ్డాయి. అందుకే వాటి గురించి ఎక్కువ చెప్తాను.

నార్వే మెటల్ బ్యాండు డార్క్‌థ్రోన్ వాళ్ల 1994 ఆల్బమ్ ‘ట్రాన్సిల్వేనియన్ హంగర్’ని "రికార్డింగ్ చెత్త" అని కొట్టేశావు. అది ఇంట్లో నాలుగు ట్రాకుల రికార్డర్ మీద చేసిన ఆల్బమ్. అప్పటికే అమెరికాలోని ఫ్లోరిడాలో డెత్ మెటల్ (మెటల్‌లోనే మరింత కరకుగా ఉండే రకం) బ్యాండ్లు టాంపాలోని మారిసౌండ్ స్టూడియోలో శుభ్రంగా, బలంగా వినిపించే రికార్డులు చేస్తున్నాయి. డార్క్‌థ్రోన్ కూడా మొదట్లో డెత్ మెటలే వాయించింది. తర్వాత కావాలనే ఆ దారి వదిలేసింది. ఆ పల్చటి, గరగరలాడే శబ్దం వాళ్లు కోరుకున్నదే. ఆ సంగతి చూడకుండా తప్పుపడితే ఆవకాయ తిని తియ్యగా లేదన్నట్టు ఉంటుంది. తెలిశాక కూడా నచ్చకపోవచ్చు. అప్పుడు "ఒకే గిటార్ ముక్క (రిఫ్) అంతసేపు తిప్పితే నాకు విసుగొచ్చింది" అని రాయి. అది నీ అనుభవం, దాన్ని ఎవరూ కాదనలేరు.

ఇలాంటి పాట మొదటిసారి డ్రమ్స్ కోసమే విను. బ్లాస్ట్ బీట్, అంటే ఆ అతివేగపు డ్రమ్ దరువు, ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, ఆగినప్పుడు నీకేమనిపించింది? తర్వాత గిటార్ పట్టుకో. గొంతు చివర్లో. గ్రోల్‌ని, అంటే ఆ గుర్రుమనే గొంతుని, ఉత్త అరుపు అనుకోకు, గొంతు పాడవకుండా అలా పాడటానికి చాలా సాధన కావాలి. "బ్రూటల్" అన్న మాట మాత్రం వదిలెయ్యి. ప్రతి బ్యాండునీ అదే అంటే ఏ బ్యాండు గురించీ ఏమీ చెప్పనట్టే.

నార్వేదే ఇంకో బ్యాండు మేహెమ్ గురించి రాస్తానన్నావు కాబట్టి ఇది కూడా విను. 1994లో వచ్చిన వాళ్ల ఆల్బమ్ ‘డె మిస్టీరీస్ డోమ్ సతానాస్’లో గిటార్ వాయించిన యూరోనిమస్‌ను 1993లో హత్య చేశారు. చంపినవాడు అదే ఆల్బమ్‌లో బాస్ వాయించాడు. సంగీతం గొప్పదని నేను నమ్ముతాను. కానీ ఆ సంగతి దాచి గొప్పదనం గురించి మాత్రమే రాస్తే చదివేవాళ్లకు అన్యాయం చేసినట్టే. రెండూ చెప్పి, నువ్వెక్కడ నిలబడ్డావో చెప్పు. తేల్చుకోలేకపోతే అదైనా రాయి.

లైవ్ షోలకు వెళ్తున్నావు, సంతోషం. 2007లో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో బ్రిటిష్ మెటల్ బ్యాండు ఐరన్ మెయిడెన్ వాయించినప్పుడు నేనూ ఆ జనంలో ఉన్నాను. అంతమంది కలిసి పాడుతుంటే ఏ బ్యాండైనా బాగుందనే అనిపిస్తుంది. మన తెలుగు సినిమాకి బెంగళూరులో మొదటి రోజు పడే ఈలలూ అంతే. అందుకే ఆ వేడి తగ్గాక రాయి, ఏది జనం ఇచ్చింది, ఏది సినిమా ఇచ్చింది అని విడదీసి చూసుకో. ఇంకో మాట, క్రిప్టోస్ లాంటి మన ఊరి బ్యాండు గురించి రాసేటప్పుడు మనవాళ్లు కదా అని మార్కులు కలపకు. 1998 నుంచి వాయిస్తున్నవాళ్లకి నీ జాలి అక్కర్లేదు, శ్రద్ధగా వినడం కావాలి.

ఇక గేమ్. ‘డార్క్ సోల్స్’ అన్యాయంగా కష్టంగా ఉందన్నావు. ఎంతవరకు ఆడావో ఎక్కడా రాయలేదు. అది మొదటి వాక్యంలోనే ఉండాలి. చచ్చినప్పుడు తప్పు నీ చేతిదా, కెమెరాదా, శత్రువు దెబ్బ ముందే కనిపించిందా లేదా, ఇవన్నీ చూడు. నీ వేళ్లు ఏం చేశాయో చెప్పకుండా కథ, గ్రాఫిక్స్ గురించే రాస్తే అది గేమ్ మీద అభిప్రాయం కాదు, గేమ్ వీడియో చూసినవాళ్ల అభిప్రాయం.

పుస్తకాల విషయంలో నాకు పెద్దగా చెప్పాల్సింది లేదు. అనువాదం చదివితే అనువాదమని రాయి, నిన్ను ఆపిన వాక్యం ఒకటైనా ఎత్తి చూపించు. అయిదుకి ఇన్ని చుక్కలని మాత్రం ఎక్కడా వెయ్యకు, నాకు ఇష్టం లేదు.

ఆ గేమ్‌ని వదిలేసిన చోటు నుంచి ఇంకాస్త ఆడి, తిరగరాసి పట్టుకురా. ఆదివారం పొద్దున చర్చ్ స్ట్రీట్‌లో బ్లాసమ్ పుస్తకాల షాపు దగ్గర ఉంటాను. కాఫీ తాగుతూ వాక్యం వాక్యం చూద్దాం.

మీ బాబాయి