డబుల్స్ ఆడితే తక్కువా?

ప్రశ్న: అక్కా, మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. చిన్నప్పటి నుంచీ టెన్నిసే లోకం. ఫోర్‌హ్యాండ్ బాగా కొడుతుంది కానీ కొన్నాళ్లుగా కుడి మణికట్టు నొప్పి, సింగిల్స్‌లో వరసగా ఓడిపోతోంది. ‘డబుల్స్ మీద దృష్టి పెట్టించండి’ అన్నారు కోచ్. మా ఆయనేమో ‘సింగిల్స్ చేతకానివాళ్లు ఆడేదే డబుల్స్, దానికంటే చదువుకోవడం నయం’ అంటున్నారు. పిల్ల ఏడుస్తోంది, నాకు టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ చెయ్యి ఎముకల డాక్టరుకి చూపించు. ఇంత పెద్ద ఉత్తరంలో ఆ ఊసే లేదు, నాకు అదే భయం వేసింది. డాక్టరు ఆగమంటే డబుల్స్ కూడా వద్దు.

ఇక మీ ఆయన మాట. సానియా మీర్జా కథ ఆయనకి పూర్తిగా చెప్పు. ఆవిడ బలమంతా ఫోర్‌హ్యాండే, మణికట్టు విసురుతో కొట్టేది. 2005లో యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండు దాకా వెళ్లింది, 2007లో సింగిల్స్‌లో ప్రపంచ 27వ ర్యాంకు అందుకుంది, ఆ తర్వాత ఆ మణికట్టే దెబ్బతింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మొదటి మ్యాచ్ మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది, ఆపరేషన్ కూడా అయింది. శరీరం ఇక సింగిల్స్‌కి సహకరించదని తేలాక 2013లో పూర్తిగా డబుల్స్‌కి వచ్చేసింది, అప్పటికి ఆవిడకి ముప్ఫై కూడా లేవు.

అలా వచ్చాక ఏమైంది? 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది, ఆ స్థానంలో మొత్తం 91 వారాలు ఉంది. స్విట్జర్లాండ్ క్రీడాకారిణి మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్, యూఎస్ ఓపెన్, మరుసటి ఏడాది ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. ఇద్దరూ వరసగా 41 మ్యాచ్‌లు గెలిచారు. 2015 వింబుల్డన్ ఫైనల్ దొరికితే మీరు ముగ్గురూ కూర్చుని చూడండి: చివరి సెట్లో 2-5తో వెనకబడి, 5-5 దగ్గర చీకటి పడితే పైకప్పు మూసి దీపాలు వేసి ఆడించారు, 7-5తో గెలిచారు. ఇది చేతకానివాళ్ల ఆట అని ఎవరైనా అనగలరా?

కోచ్ మాటలోనూ లెక్క ఉంది. సింగిల్స్ కోర్టు వెడల్పు 27 అడుగులు, అంతా ఒక్కరే కాయాలి. డబుల్స్‌ది 36, కానీ ఇద్దరు పంచుకుంటారు, పరుగు తగ్గుతుంది. మన విశాఖ ఉక్కపోతలో అది చిన్న విషయం కాదు. అయితే నెట్ దగ్గర చురుకు, ఎదుటివాళ్ల సర్వ్‌ని తిప్పికొట్టే రిటర్న్, జోడీతో మాట కలవడం విడిగా నేర్చుకోవాలి. హింగిస్ నెట్ దగ్గర బంతిని తుంచేస్తుంటే సానియా వెనక నుంచి బలంగా కొట్టేది. మీ పిల్లకి ఫోర్‌హ్యాండ్ ఉందంటున్నావు, అలాంటి జోడీని వెతకమను. చదువు మాన్పించమని మాత్రం నేను అనడం లేదు.

ప్రశ్న: సానియా మన తెలుగు నేల మీద పుట్టిందా?
- డిగ్రీ విద్యార్థి, గాజువాక

జవాబు: పుట్టింది ముంబయిలో, 1986లో. పెరిగిందీ ఆట నేర్చిందీ హైదరాబాద్‌లో. 2005లో తొలి డబ్ల్యూటీఏ (మహిళల టెన్నిస్ సంఘం) సింగిల్స్ టైటిల్ కూడా అక్కడే గెలిచింది, భారత మహిళల్లో అది సాధించిన మొదటి మనిషి ఆవిడే. 2023 మార్చిలో వీడ్కోలు మ్యాచ్‌కీ ఎల్బీ స్టేడియానికే వచ్చింది.

ప్రశ్న: కాలేజీలో షటిల్ ఆడేదాన్ని. బాబుకి ఏడాది నిండింది. మళ్లీ ఆడతానంటే అత్తయ్య ‘ఇప్పుడెందుకమ్మా’ అంటున్నారు.
- ఒక గృహిణి, ఎంవీపీ కాలనీ

జవాబు: ఆడు తల్లీ. సానియాకి 2018 అక్టోబరులో బాబు పుట్టాడు. 2020 జనవరిలో ఆస్ట్రేలియాలోని హోబార్ట్‌లో దిగి, వచ్చిన మొదటి టోర్నీలోనే డబుల్స్ టైటిల్ కొట్టింది. కానీ ఆ వెంటనే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో పిక్క పట్టేసి మ్యాచ్ మధ్యలో తప్పుకుంది, అదీ గుర్తుపెట్టుకో. అందుకే మీ డాక్టర్ని అడిగి, కొన్ని వారాలు పొద్దున్నే బీచ్ రోడ్డులో నడక, తర్వాత కాళ్లకి బలమిచ్చే వ్యాయామాలు, ఆ పైనే రాకెట్. నువ్వు ఆడే ఆ గంటలో బాబుని ఎవరు చూస్తారో మీ ఆయన్ని కూర్చోబెట్టి ముందే తేల్చుకో, అత్తయ్యగారి సందేహం సగం అక్కడే ఉండి ఉంటుంది.