ఫ్లూమ్ ట్రెయిల్‌కు వెళ్ళే ముందు

అమ్మలూ,

సెప్టెంబరులో స్నేహితులతో కలిసి టాహో సరస్సు పక్కన కొండ మీదున్న ఫ్లూమ్ ట్రెయిల్ అనే సన్నని దారిలో సైకిల్ తొక్కబోతున్నావని వదిన చెప్పింది. చాలా సంతోషంగా ఉంది. వీడియోలు చూసినప్పటి నుంచీ నీకు కాస్త టెన్షన్‌గా ఉందని కూడా చెప్పింది. ఆ వీడియోల్లో అందరూ లోయ అంచునే చూపిస్తారు. నిజానికి మనుషులను అలసిపోయేలా చేసేది దానికి ముందున్న మిట్ట, పడేసేది చివర్లో ఉన్న ఇసుక. మధ్యలో వచ్చే ఆ అంచు దారి దాదాపు చదునుగానే ఉంటుంది. కళ్ళు అదుపులో పెట్టుకుంటే నువ్వు హాయిగా తొక్కగలవు.

ముందు ప్రయాణం సంగతి. ఫ్రీమాంట్ నుంచి తెల్లవారుజామున బయల్దేరి నాలుగు గంటలు కారు నడిపి, దిగీ దిగగానే సైకిలెక్కే ఆలోచన ఉంటే మానుకోండి. ముందురోజు రాత్రికే అక్కడికి చేరుకుని నిద్రపోండి. మీరు ఉండేది దాదాపు సముద్రమట్టంలో. తొక్కడం మొదలుపెట్టే స్పూనర్ లేక్ సుమారు 7,000 అడుగుల ఎత్తున ఉంది. మన తూర్పు కనుమల్లో అన్నిటికంటే ఎత్తయిన శిఖరం కూడా అంత ఎత్తు ఉండదు. ఒక్క రాత్రి పడుకున్నంత మాత్రాన ఒళ్ళు పూర్తిగా అలవాటు పడదు కానీ, ప్రయాణ బడలికైనా తీరుతుంది.

కారు ఇంక్లైన్ విలేజ్ దగ్గర, టన్నెల్ క్రీక్ రోడ్డు కింది చివర పెట్టండి. మీరు దిగి వచ్చేది అక్కడికే. అద్దె సైకిళ్ళు, స్పూనర్‌కు తీసుకెళ్ళే షటిల్ వ్యాను అక్కడే దొరుకుతాయి. శనాదివారాల్లో జనం బాగా ఉంటారు కాబట్టి రెండూ ముందుగానే బుక్ చేసుకోండి. పొద్దున మొదటి షటిల్ దొరికితే ఇంకా మంచిది. ఉదయం ఎండ కొండ వెనక నుంచి పడుతుంది కాబట్టి సరస్సు రంగులన్నీ విడివిడిగా కనిపిస్తాయి. మధ్యాహ్నం దాటితే ఎదురెండకు నీళ్ళ మీద తళుకు తప్ప ఏమీ కనిపించదు. వేసవిలో అయితే మధ్యాహ్నం ఉరుముల భయం కూడా ఉంటుంది.

మొత్తం దూరం సుమారు 14 మైళ్ళు. "ఇంతేనా" అనిపిస్తుంది, కానీ అందులో మొదటి ఐదు మైళ్ళు మిట్టే. నార్త్ కాన్యన్ రోడ్డు మొదట్లో ఆస్పెన్ చెట్ల మధ్య నుంచి నెమ్మదిగా పైకి వెళ్తుంది. ఇక్కడే కుర్రాళ్ళు హుషారుగా లాగేస్తారు. చివర్లో దారి నిలువుగా లేచి, పైన ఇసుక కూడా తగిలేసరికి ఆయాసంతో కూలబడతారు. నువ్వు మొదటి నుంచీ పక్కవాళ్ళతో మాట్లాడగలిగే వేగంలోనే వెళ్ళు. మాట తెగిపోతోందంటే వేగం ఎక్కువైనట్టు. మిట్ట కనిపించగానే, ఇంకా కాళ్ళ మీద భారం పడకముందే, గేరు తగ్గించు. భారం పడ్డాక మారిస్తే గొలుసు కటకటలాడి సైకిల్ అక్కడే ఆగిపోతుంది. నిలువు ముక్కల్లో దిగి నెట్టుకుంటూ వెళ్ళడంలో నామోషీ ఏమీ లేదు. నన్నడిగితే అక్కడ నెట్టడమే తెలివైన పని, తర్వాత పల్లంలో చేతులు వణక్కుండా ఉంటాయి.

మీలో ఎవరికి అలవాటు తక్కువో వాళ్ళను ముందు ఉంచండి. వెనక ఉంచితే అందరూ ఆగి ఎదురుచూస్తారు. వాళ్ళు రాగానే మళ్ళీ బయల్దేరతారు. పాపం, విశ్రాంతి అవసరమైన మనిషికే విశ్రాంతి దొరకదు. ఎవరికైనా తలనొప్పి, వికారం మొదలైతే "ఇంకాస్తే కదా" అని బలవంతం చేయవద్దు. మిట్ట అవతలున్న మార్లెట్ లేక్ దాకా వెళ్ళినా వెనక్కి తిరగడం కష్టం కాదు. చిన్న మిట్ట దాటితే స్పూనర్ వరకూ పల్లమే. ఒకరు వెనక్కి వెళ్తే ఇంకొకరు తోడు వెళ్ళాలి.

దారి 8,000 అడుగులు దాటాక మార్లెట్ లేక్‌కు దిగుతుంది. అక్కడ తీరిగ్గా కూర్చుని తినండి. ఎనర్జీ బార్ల కంటే పులిహోర, ఉప్పు వేసిన వేరుశెనగలు నయం. ఎత్తులో తీపి త్వరగా మొహం మొత్తుతుంది, పులుపూ ఉప్పూ లోపలికి పోతాయి. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు తప్పనిసరి. వాగు నీళ్ళు వడపోయకుండా తాగవద్దు.

ఇక్కడి నుంచి నువ్వు తొక్కేది ఒకప్పుడు నీళ్ళు పారిన దారి. 1859లో వర్జీనియా సిటీ దగ్గర వెండి గని బయటపడింది. ఆ ఎండు కొండల్లో ఊరు పెరిగింది కానీ నీళ్ళు లేవు. 1870ల్లో మార్లెట్ నీళ్ళను చెక్క కాలువలో (ఫ్లూమ్ అంటే అదే) కొండ చుట్టూ తిప్పి, సుమారు 4,000 అడుగుల సొరంగం తవ్వి అవతలికి దాటించారు. నువ్వు వెళ్ళేది ఆ కాలువ కట్టిన గట్టు మీదే. అందుకే వాలు తెలిసీ తెలియనట్టు ఉంటుంది, స్పూనర్ వైపు నుంచి వెళ్తే నీళ్ళు పోయిన దిక్కునే పోతావు. పాడుబడి పొదలు కమ్మేసిన ఆ దారిని 1980ల్లో మాక్స్ జోన్స్ అనే సైకిల్ పందేల మనిషి శుభ్రం చేసి అందరికీ తెలిసేలా చేశాడు. పాత చెక్కలు, ఇనప ముక్కలు కనిపిస్తే చూడండి, ఏరుకోకండి.

ఇక ఆ నాలుగున్నర మైళ్ళ అంచు దారి సంగతి జాగ్రత్తగా చదువు. కొండ నీ కుడివైపు, సరస్సు ఎడమవైపు 1,500 అడుగుల కింద. దారి కొన్నిచోట్ల రెండు మూడు అడుగుల వెడల్పే ఉంటుంది. భయంతో అందరూ కొండవైపుకు ఒదుగుతారు. అసలు ప్రమాదం అందులోనే ఉంది. కుడివైపు పొడుచుకొచ్చిన రాయికి హ్యాండిల్ చివర తగిలిందంటే ముందు చక్రం కుడికి మెలి తిరుగుతుంది, మనిషి మాత్రం ఎడమకు, అంటే లోయవైపుకు తూలతాడు. ఇప్పటి సైకిళ్ళ హ్యాండిళ్ళు వెడల్పు కాబట్టి దారి మధ్యలోనే ఉండు. రాళ్ళ దగ్గర కుడి పెడల్ పైకి ఉంచు, కిందికి ఉంటే రాయికి కొట్టుకుంటుంది. ఆగాల్సి వస్తే ఎప్పుడూ కుడికాలే నేల మీద పెట్టు. ఎడమకాలు పెట్టబోతే అక్కడ నేల ఉండకపోవచ్చు. ఈ అలవాటు ఇంటి దగ్గర పార్కులో వారం రోజులు చేసి మరీ వెళ్ళు.

కళ్ళు ఎప్పుడూ ముందున్న దారి మీదే ఉండాలి. కింద శాండ్ హార్బర్ బీచ్ దగ్గర రాళ్ళ మధ్య పచ్చని నీళ్ళు కనిపిస్తే చూడకుండా ఉండలేవు, నాకు తెలుసు. చూడు, కానీ ఆగి, దిగి, సైకిల్ కొండకు ఆనించి చూడు. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని వీడియో తీసేవాళ్ళు నీ స్నేహితుల్లో ఉంటే గట్టిగా చెప్పు. ఎదురుగా ఎవరైనా వస్తే ముందు నువ్వే ఆగి కొండవైపుకు జరుగు. ఇరుకులో ఎవరినీ దాటకు. కాళ్ళు వణికితే ఆ ముక్క నడిచి వెళ్ళు.

అంచు దారి అయిపోగానే అందరికీ ధీమా వస్తుంది. టన్నెల్ క్రీక్ రోడ్డు వెడల్పుగా ఉంటుంది, సుమారు మూడు మైళ్ళ పల్లం. కానీ నలిగిన గ్రానైట్ ఇసుక చక్రాన్ని పట్టేస్తుంది. సీటు కిందికి దించి, బరువు కాస్త వెనక్కి వేసి, మలుపు రాకముందే వేగం తగ్గించు. ఇంకో సంగతి, మన ఇండియాలో సైకిళ్ళకు ఎక్కువగా కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది. ఇక్కడ ఎడమచేతిది ముందు చక్రానిది. కంగారులో చెయ్యి పాత అలవాటుకే పోతుంది, ఇసుకలో ముందు బ్రేకు గట్టిగా నొక్కితే బోర్లా పడతాం. సైకిల్ తీసుకోగానే అక్కడే రెండూ నొక్కి చూసుకో. కింది భాగంలో మంకీ రాక్ అనే బండ చూడటానికి పిల్లలతో ఎక్కేవాళ్ళు ఎదురొస్తారు, వాళ్ళకు దారి ఇవ్వాల్సింది మనమే.

పంపు, ఒక ట్యూబు, పలచని జాకెట్ బ్యాగులో పెట్టుకో. సెప్టెంబరులో నీడ పడగానే చలి వేస్తుంది. సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. గ్లోవ్స్ మాత్రం కొనకు. మా ఇంట్లో కొత్త జత ఉంది, ఈ శనివారం వచ్చి తీసుకెళ్ళు. మీ పిన్ని సైకిల్ కూడా బయటికి తీసి ఉంచుతాను, కుడికాలు పెట్టి దిగడం మా వీధిలోనే నేర్పిస్తాను.

ప్రేమతో,
బాబాయి