టెక్ సందేహాలు: సినిమా అయిపోయాక డిస్కులో ఏం మిగులుతుంది?

తిరుపతి కొర్లగుంట నుంచి ఒక పాఠకుడు రాశారు: “మా ఇంట్లో అలమర నిండా డీవీడీలు, కొన్ని బ్లూరేలు ఉన్నాయి సార్. సినిమాలన్నీ ఓటీటీలోకి వచ్చేశాయి కనుక వీటిని పాత సామాన్లవాళ్లకు వేసేయమని ఇంట్లో పోరు పెడుతున్నారు. మా అబ్బాయేమో బోనస్ ఫీచర్ల కోసమైనా ఉంచాలంటున్నాడు. వాటిని ఈ రోజుల్లో ఎవరైనా చూస్తారా?”

ఇల్లు మారేవాళ్లు, అలమర ఖాళీ చేసేవాళ్లు ఇదే సంగతి మాటలు మార్చి అడుగుతూనే ఉన్నారు కాబట్టి ఈసారి శీర్షికంతా దీనికే కేటాయిస్తున్నాను. చూస్తారు. అయితే అట్ట మీద ‘బోనస్’ అని ముద్రించిన ప్రతిదానికీ ఒకే విలువ కట్టకూడదు. ట్రైలర్లు, ఫొటో గ్యాలరీలు, పాటను నేరుగా ఎంచుకునే మెనూ వంటివాటి కాలం యూట్యూబ్‌తోనే చెల్లిపోయింది. దర్శకుడో ఛాయాగ్రాహకుడో సినిమా పొడవునా మాట్లాడిన కామెంటరీ, ఎడిటింగ్‌లో పోయిన సన్నివేశాలు, చిత్రీకరణ జరిగినన్నాళ్లూ ఓపికగా తీసిన మేకింగ్ మాత్రం ఇప్పటికీ విలువైనవే. ఇవాళ యూట్యూబ్‌లో కనిపించే మేకింగ్ వీడియోల్లో ఎక్కువ భాగం విడుదలకు ముందు టికెట్లు అమ్మడానికి తయారైనవి కనుక, అందులో ప్రతి ఒక్కరూ ప్రతి ఒక్కరినీ పొగుడుతారు. సినిమా ఫలితం తేలిపోయాక, ఏ సన్నివేశం ఎందుకు కుదరలేదో చెప్పడానికి దర్శకుడికి భయం తీరాక రికార్డు చేసిన మాటలు వేరుగా ఉంటాయి. నిజమైన అభిమానికి కావలసింది ఆ రెండో రకం, అది ఎక్కువగా డిస్కుల్లోనే ఉండిపోయింది. మీ అలమరలో అలాంటివి ఉంటే ఉంచండి. ఒకే డిస్కులో మూడు సినిమాలు కుక్కినవి ఉంటే నిస్సంకోచంగా ఇచ్చేయండి.

ఆ మూడు సినిమాల డిస్కుల గురించి నాలుగు మాటలు చెప్పాలి. 2007 ప్రాంతంలో, అప్పటిదాకా ఖాళీ డిస్కులు తయారుచేస్తున్న ఒక సంస్థ సినిమాల హక్కులు కొని, వీసీడీని 28 రూపాయలకూ డీవీడీని 34 రూపాయలకూ అమ్మడం మొదలుపెట్టింది. పైరసీని ధరతోనే దెబ్బతీయాలన్న ఆ ఆలోచనను నేను తప్పుపట్టను. కానీ ఆ ధరకు అలవాటుపడిన బజారులో మేకింగ్‌కో కామెంటరీకో ఖర్చుపెట్టే ఓపిక ఎవరికీ మిగలలేదు. రెండు పొరల డీవీడీలో పట్టేది 8.5 జీబీ. రెండున్నర గంటల సినిమాలు మూడు అందులో ఇరికిస్తే సెకనుకు సగటున దక్కేది శబ్దంతో కలిపి 2.5 మెగాబిట్లు మాత్రమే. డీవీడీ పద్ధతి శబ్దం కాక దృశ్యానికే సెకనుకు 9.8 మెగాబిట్ల దాకా అనుమతిస్తుంది. వానపాటల్లో తెర గళ్లుగళ్లుగా విరిగిపోవడానికి కారణం మీ టీవీలో వెతకనక్కరలేదు.

కామెంటరీకి డిస్కులో చోటు చాలలేదన్న సాకు కూడా నిలవదు. 1933 నాటి ‘కింగ్ కాంగ్’ను 1984లో అమెరికాలో లేజర్‌డిస్కుగా (డీవీడీకి ముందుతరం పెద్ద డిస్కు) తెచ్చినప్పుడు, ఆ డిస్కు మీద అదనంగా ఉన్న శబ్ద మార్గంలో రొనాల్డ్ హేవర్ అనే చలనచిత్ర నిపుణుడు సినిమా నడుస్తుండగానే దాని కథా కమామీషూ చెప్పుకుంటూ పోయారు. ఆ సంప్రదాయం అక్కడ మొదలైంది. డీవీడీ వచ్చేసరికి ఒక్క సినిమాకు 8 శబ్ద మార్గాలు, 32 సబ్‌టైటిళ్ల వరుసలు పెట్టే వీలు కల్పించారు. సెకనుకు 192 కిలోబిట్ల లెక్కన 160 నిమిషాల కామెంటరీకి పట్టేది సుమారు 230 ఎంబీ, అంటే రెండు పొరల డిస్కులో మూడు శాతం కూడా కాదు. మన తెలుగు డిస్కుల్లో అది కనిపించకపోవడానికి కొరవడినది చోటు కాదని ఈ లెక్కే చెబుతుంది.

శ్రీకాళహస్తి నుంచి వచ్చిన ఒక ఫిర్యాదు చూడండి: “అమెరికాలో ఉన్న మా మేనల్లుడు పంపిన డిస్కు చెడిపోయింది. సినిమాలో పాత్రలు మాట్లాడుతుంటే మధ్యలో ఇంకెవరో ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు.” డిస్కు నిక్షేపంగా ఉంది. రిమోట్ మీద ‘ఆడియో’ బొత్తాన్ని ఒకసారి నొక్కితే ఆ మాట్లాడే వ్యక్తి తప్పుకుంటాడు. తప్పించే ముందు ఒక పది నిమిషాలు వినమని మాత్రం నా మనవి.

చంద్రగిరి పాఠకుడొకరికి ఇంకో అనుమానం: ఒకే సినిమా ఓటీటీలో 160 నిమిషాలుంటే ఆయన దగ్గరున్న డీవీడీలో 154 నిమిషాలైనా లేదు, ఏయే దృశ్యాలు కోసేశారు? బహుశా ఏదీ కోసి ఉండరు. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. మన దేశంలో వాడిన ‘పాల్’ అనే టీవీ పద్ధతిలో తయారైన డీవీడీ దాన్నే సెకనుకు 25 ఫ్రేముల వేగంతో నడుపుతుంది, అందువల్ల నిడివి నాలుగు శాతం తగ్గుతుంది. కోత జరిగిందని తేల్చే ముందు ఈ లెక్క వేసి చూడండి.

ఇక నన్ను నిజంగా కలవరపెట్టిన ఉత్తరానికి వస్తాను. చిత్తూరు గ్రీమ్స్‌పేట పాఠకుడొకరు చెన్నై బర్మా బజారులో పాత బ్లూరే ప్లేయర్ ఒకటి కొన్నారు. డిస్కు మెనూలో ‘ఆన్‌లైన్ బోనస్’ అని కనిపించడంతో ప్లేయర్‌ను ఇంటి వైఫైకి కలిపారు. ఎంతసేపు చూసినా సర్వర్ దొరకడం లేదన్న సందేశం తప్ప మరేమీ రాలేదు. తెలిసినవాళ్లెవరో ఒక వెబ్‌సైటు పేరు చెప్పి, అక్కడున్న ఫర్మ్‌వేర్‌ను (ప్లేయర్‌ను లోపలినుంచి నడిపే సాఫ్ట్‌వేర్) పెన్‌డ్రైవ్‌లో దించి ప్లేయర్‌కు ఎక్కిస్తే బోనస్ వస్తుందనీ, పైగా విదేశీ డిస్కులు కూడా ఆడతాయనీ చెప్పారట. “ఎక్కించమంటారా?” అని ప్రశ్న.

ఎక్కించవద్దు. మొదట ఆ బోనస్ సంగతి. 2008 ప్రాంతంలో ‘బీడీ-లైవ్’ అనే సదుపాయం వచ్చింది. ప్లేయర్‌కు నెట్ కనెక్షన్, కనీసం 1 జీబీ నిల్వ ఉంటే డిస్కు తయారీదారు సర్వర్ నుంచి అదనపు వీడియోలు దిగుతాయని ఆశపెట్టారు. ఆ సర్వర్లలో చాలావాటిని ఎప్పుడో మూసేశారు. మీ ప్లేయర్‌లో లోపమేమీ లేదు, అటువైపు తలుపు తీసేవారే లేరు. డిస్కు డబ్బాలో చీటీ మీద కోడ్ ఇచ్చి ‘డిజిటల్ కాపీ’ అని ఊరించినవాటిదీ అదే దారి. విదేశాల్లో అలాంటి కోడ్లకు ఆధారంగా నిలిచిన అల్ట్రావయొలెట్ అనే ఉమ్మడి లాకర్ 2019 జూలై 31న మూతపడింది. డిస్కులోనే ముద్రించిన బోనస్‌కూ, వేరొకరి సర్వర్‌లో దాచి ఇస్తామన్న బోనస్‌కూ ఉన్న తేడాను అభిమానులు ఇలా నష్టపోయి తెలుసుకున్నారు.

ప్రమాదం సంగతి అంతకంటే ముఖ్యమైనది. బ్లూరే మెనూ మీరనుకునేట్టు వట్టి బొమ్మ కాదు. చాలా డిస్కుల్లో అది డిస్కులోంచి ప్లేయర్‌లోకి వచ్చి నడిచే, జావా భాషలో రాసిన ప్రోగ్రామ్. ఆ ప్రోగ్రామ్ తనకు గీసిన గీత దాటకుండా చూడవలసిన బాధ్యత ప్లేయర్‌లోని సాఫ్ట్‌వేర్‌ది. 2015లో బ్రిటన్‌కు చెందిన ఒక భద్రతా పరిశోధకుడు, తాను ఏ ప్లేయర్‌లో ఉందో గుర్తించి, దానికి తగిన లోపాన్ని వాడుకుని గీత దాటి, ఎవరికీ అనుమానం రాకుండా ఆ వెంటనే సినిమాను మామూలుగా మొదలుపెట్టే డిస్కును తయారుచేయవచ్చని చూపించారు. కంప్యూటర్ల విషయంలో ఇది అంతకుముందే అనుభవమైంది. 2005లో ఒక అంతర్జాతీయ సంగీత సంస్థ కాపీలను ఆపే పేరుతో పాటల సీడీల్లో పెట్టిన ప్రోగ్రామ్ విండోస్‌లో కంటికి కనిపించకుండా దాక్కునేది. అది దాక్కునే చాటునే వైరస్‌లు కూడా వాడుకోవడంతో ఆ సీడీలను వెనక్కి పిలిపించుకోవలసి వచ్చింది. ఆ వైరస్‌లకు చాటు కల్పించింది దుకాణంలో డబ్బిచ్చి కొన్న అసలు డిస్కేనని గుర్తుంచుకోండి.

ఇలాంటి ప్లేయర్లకు తయారీదారులు రెండు మూడేళ్లు అప్‌డేట్లు ఇచ్చి చేతులు దులుపుకుంటారు, ఆ సంగతి కొన్నవారికి చెప్పరు. బీడీ-లైవ్‌ను మొదటినుంచీ తెరిచే ఉంచి అమ్మడం నా దృష్టిలో క్షమించరాని అజాగ్రత్త. అప్‌డేట్లు ఆగిపోయిన పరికరం ఇంటి వైఫైలో ఏళ్ల తరబడి కూర్చోవడం ఎంత చేటో 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్ దాడి చూపింది. కెమెరాలు, వీడియో రికార్డర్లు, రౌటర్ల వంటి ఎవరూ పట్టించుకోని పరికరాలనే అది లక్షల సంఖ్యలో లొంగదీసుకుంది. కనుక ప్లేయర్ సెట్టింగుల్లోకి వెళ్లి బీడీ-లైవ్‌కు నెట్‌ను నిషేధించండి, వైఫై పాస్‌వర్డ్‌ను ప్లేయర్ నుంచి చెరిపేయండి. సినిమా చూడటానికి ఆ ప్లేయర్‌కు నెట్‌తో పనే లేదు. ఫర్మ్‌వేర్ తప్పనిసరైతే తయారీదారు సొంత సైటు నుంచే తెచ్చుకోవాలి. అక్కడ లేకపోతే ఇక లేనట్టే అనుకోవాలి.

విదేశీ డిస్కుల మీద ఆశ నాకు అర్థమవుతుంది, మంచి బోనస్‌లు వాటిలోనే ఉంటాయి. కానీ ఏ ప్రాంతపు డిస్కు ఆ ప్రాంతపు ప్లేయర్‌లోనే ఆడేలా ‘రీజియన్’ అనే తాళం వేస్తారు. డీవీడీల్లో మన దేశానిది 5వ రీజియన్, బ్లూరేల్లో ‘సి’. అమెరికా డిస్కులు 1, ‘ఎ’ రీజియన్లకు చెందుతాయి. 4కే అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు రీజియన్ తాళం లేదు కానీ, ఆ ప్యాకులో బోనస్‌లను తరచుగా తోడుగా ఇచ్చే మామూలు బ్లూరేలో పెడతారు, తాళం దానికి ఉండవచ్చు. ఆ తాళం తీయడానికి ఊరూ పేరూ తెలియని ఫర్మ్‌వేర్‌ను నమ్మేకంటే, రీజియన్ చూసుకుని డిస్కు కొనడం మేలు. ల్యాప్‌టాప్‌లో చూసేవారికీ ఇదే హెచ్చరిక. విండోస్ 8 నుంచి డీవీడీ ఆడించే సదుపాయం విండోస్‌తో పాటు రావడం లేదు. అది చూసుకోక ‘కోడెక్ ప్యాక్’ (వీడియోలు ఆడించడానికి తోడ్పడే సాఫ్ట్‌వేర్ల మూట) అని వెతికి, మొదట కనిపించిన దాన్ని దించుకుని, అడిగిన ప్రతిదానికీ ‘ఓకే’ కొట్టి, తర్వాత ఉత్తరం రాసేవారికి నా దగ్గర ఓదార్పు లేదు. వీఎల్‌సీ అనే ఉచిత వీడియో ప్లేయర్‌ను దాని అధికారిక సైటు నుంచి తెచ్చుకుంటే డీవీడీ మెనూలు, కామెంటరీలు దానిలోనే వస్తాయి.

ఇంత చెప్పాక అసలు కోపం ఎవరి మీదో కూడా చెప్పాలి. ఒక పెద్ద తెలుగు సినిమా ఇవాళ ఓటీటీలో తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం, హిందీ శబ్దాలతో వస్తోంది. భాష మార్చుకునే బొత్తాం యాప్‌లో ఇప్పటికే ఉంది. ఆ జాబితాలో ‘దర్శకుడి మాటల్లో’ అని ఆరో వరుస చేర్చడానికి కొత్త సాంకేతికత ఏదీ అక్కరలేదు, దానికయ్యే నిల్వ ఎంతో పైన లెక్కవేశాను. డిస్కును చంపేశామని గర్వపడే ఈ సంస్థలు డిస్కులో ఉన్న అత్యంత చౌకైన, అభిమానులు అత్యంత ఇష్టపడిన వస్తువును మాత్రం తెచ్చుకోవడం మరిచిపోయాయి. సినిమా విడుదలై ఆరు నెలలయ్యాక దర్శకుడినీ ఎడిటర్‌నూ ఛాయాగ్రాహకుడినీ డబ్బింగ్ థియేటర్‌లో ఒక పూట కూర్చోబెట్టి సినిమా వేసి చూపిస్తే చాలు. హక్కుల ఒప్పందం రాసుకునేటప్పుడే నిర్మాతలు ఈ షరతు పెట్టవచ్చు, పెట్టమని అభిమాన సంఘాలు అడగవచ్చు.