టెక్ సందేహాలు: డాన్యూబ్ ఒడ్డున సైకిల్ యాత్రకు ఏం కొనాలి?

ప్రశ్న: మా అబ్బాయి మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. జర్మనీలోని పస్సావ్ నుంచి ఆస్ట్రియాలోని వియన్నా దాకా డాన్యూబ్ నది పక్కన సైకిళ్ల మీద వెళ్దామంటున్నాడు. నాకు 58 ఏళ్లు. రోజూ పొద్దున్నే ఓ పదిహేను కిలోమీటర్లు తొక్కుతాను. 30,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు, ఫోను పెట్టుకోవడానికి హ్యాండిల్ హోల్డరు కొన్నాను. ఇంకేం కొనాలి? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: కొనడం తర్వాత. ముందు ఆ పవర్ బ్యాంకు వాపసు ఇచ్చేయండి. విమానంలో లెక్కచూసేది ఎంఏహెచ్ కాదు, వాట్ అవర్లు. ఎంఏహెచ్‌ని 3.7తో గుణించి వెయ్యితో భాగించండి. మీది 111 వస్తుంది. వంద దాటితే విమాన సంస్థ ముందే ఒప్పుకోవాలి, లేకపోతే సెక్యూరిటీ దగ్గర వదిలేసి పోవాల్సిందే. 20,000ది 74 వాట్ అవర్లే కాబట్టి పేచీ ఉండదు. ఎంత చిన్నదైనా చేతిసంచిలోనే ఉండాలి, చెకిన్ లగేజీలో పెట్టకూడదు. మీ దారి మొత్తం 300 కిలోమీటర్ల పైచిలుకు, పొడవునా ఊళ్లే. రాత్రి గదిలో ఛార్జ్ చేసుకుంటే అదే ఎక్కువ.

అద్దె సైకిల్‌కి ముందు చక్రం ఇరుసులోనే డైనమో ఉండొచ్చు. మన చిన్నప్పుడు టైరుకు రాసుకుంటూ గుర్రుగుర్రుమనేదే, ఇప్పుడు చప్పుడు లేకుండా లోపలికి దూరింది. దానికి యూఎస్‌బీ పిన్ను ఉంటే సంతోషమే కానీ పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. అది ఇచ్చేది మూడు వాట్లు. మామూలు ఫోను నిండాలంటే ఏడెనిమిది గంటలు తొక్కాలి. పైగా సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఛార్జింగ్ ఆగి, మళ్లీ మొదలై, స్క్రీన్ వెలిగి, వచ్చిన కరెంటు కాస్తా దానికే పోతుంది. ఫోనుకు బదులు పవర్ బ్యాంకును తగిలించండి.

మ్యాపు సంగతి. గూగుల్ మ్యాప్స్‌ను ఆఫ్‌లైన్‌లో దించుకున్నా నెట్ లేనప్పుడు అది కారు దారే చూపిస్తుంది, సైకిల్ దారి చెప్పదు. ఆర్గానిక్ మ్యాప్స్ గానీ ఆస్మాండ్ గానీ, ఏదో ఒక యాప్ వేసుకుని బవేరియా (పస్సావ్ ఉన్న జర్మన్ రాష్ట్రం), ఆస్ట్రియా మ్యాపులు ఇంట్లో వైఫై ఉండగానే దించుకోండి. నిజానికి మీ సైకిల్ దారి పేరైన యూరోవెలో 6 అన్న బోర్డులు చూసుకుంటూ పోయినా సగం పని అయిపోతుంది. తొక్కుతూ ఫోను చేత్తో పట్టుకుంటే మాత్రం జర్మనీలో 55 యూరోల జరిమానా.

ఇక మీరు అడగనిది చెబుతాను. మన సైకిళ్లకు కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది. అక్కడ ఎక్కువ సైకిళ్లకు ముందు బ్రేకు ఎడమచేతికి ఉంటుంది. నేను మొదటిసారి అక్కడ అద్దె సైకిల్ ఎక్కి, చిన్న వాలులో ఓ కుక్క అడ్డొస్తే, అలవాటుగా ఎడమచేతిది గట్టిగా బిగించాను. వెనక చక్రం గాల్లోకి లేచింది. కుక్క తన దారిన పోయింది, నా మోచేయి మాత్రం వారం రోజులు ముడవలేదు. పెడల్ వెనక్కి తొక్కితే బ్రేకు పడే సైకిళ్లూ ఉన్నాయి. ఆగినప్పుడు కాలి వేళ్లతో పెడల్‌ను వెనక్కి తిప్పి సరిచేసుకోవడం మనకు అలవాటు కదా, వాటి మీద అది కుదరదు. సైకిల్ తీసుకోగానే ఖాళీ స్థలంలో పది నిమిషాలు తిరగండి. ఎడమ బ్రేకు మీద ఎర్ర టేపు ముక్క చుట్టండి. నా లెక్కలో ఈ యాత్రలో అన్నిటికన్నా పనికొచ్చే గాడ్జెట్ అదే.

దారిలో వచ్చే లింజ్‌లో, వియన్నాలో వీధుల్లోనే ట్రామ్ పట్టాలుంటాయి. సన్న టైరు ఆ గాడిలో పడితే మనిషి కింద ఉంటాడు. వాటిని ఏటవాలుగా కాకుండా, అడ్డంగా నేరుగా దాటాలి. తడిసి ఉంటే దిగి నడిపించండి, ఎవరూ నవ్వరు. సైకిల్‌తో ఇచ్చే పంపు ఆ వాల్వుకు సరిపోతుందో లేదో అక్కడే కొట్టి చూడండి. ఆదివారం అక్కడ కొట్లు దాదాపు అన్నీ మూసేస్తారు, ట్యూబు కొందామన్నా దొరకదు.

ఒక మంచి మొన ఉన్న పట్టకారు కూడా పెట్టుకోండి. ఆ నదీతీరపు గడ్డిలో పిడుదులు ఉంటాయి, మన పశువులకు పట్టేలాంటివే. వాటి కాటుతో ఒక రకం మెదడువాపు, లైమ్ అనే జబ్బు రావచ్చు. ఆ మెదడువాపుకు టీకా ఉంది, డాక్టర్‌ను ఇప్పుడే అడగండి. సాయంత్రం స్నానం చేసేటప్పుడు మోకాళ్ల వెనక చూసుకోవాలి. కనబడితే నలపకుండా, చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగేయాలి.

ప్రశ్న: స్టుట్‌గార్ట్‌లో చదువుకుంటున్నాను. కాన్‌స్టన్స్ సరస్సు చుట్టూ సైకిల్ మీద మూడు రోజులు తిరిగొచ్చాక నా జర్మన్ సిమ్‌కు 40 యూరోలకు పైగా అదనపు బిల్లు వచ్చింది. యూరప్‌లో రోమింగ్ ఉచితం కాదా? (ఒక విద్యార్థిని)

జవాబు: 2017 నుంచి యూరోపియన్ యూనియన్ దేశాల్లో అదనపు చార్జీ లేదు. కానీ ఆ సరస్సుకు దక్షిణపు ఒడ్డు స్విట్జర్లాండ్‌ది. అది యూనియన్‌లో లేదు. కొన్ని ప్లాన్లలో ఆ దేశాన్నీ కలుపుతారు, మీ దాంట్లో లేనట్టుంది. పైగా సరిహద్దు దాటకపోయినా, నీటి మీదుగా అవతలి టవర్ సిగ్నల్ బలంగా ఉంటే ఫోను దానికే అతుక్కుంటుంది. ఈసారి వెళ్లినప్పుడు డేటా రోమింగ్ ఆపేయండి. ఆస్ట్రియా భాగంలో నెట్ కావాలంటే, నెట్‌వర్క్ సెట్టింగుల్లో ‘ఆటోమేటిక్’ తీసేసి అక్కడి ఆపరేటర్‌ను మీరే ఎంచుకుని, ఆ తర్వాత రోమింగ్ ఆన్ చేయండి.

ప్రశ్న: సైకిల్ టూర్ తర్వాత నా ఐఫోన్ కెమెరా ఫొటోలు మసకగా వస్తున్నాయి. కింద పడలేదు. (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: హ్యాండిల్‌కు బిగించి రాళ్లు పరిచిన వీధుల్లో తొక్కారా? చేయి వణుకును సరిచేయడానికి కెమెరా లోపల లెన్సును కదిలించే చిన్న ఏర్పాటు ఉంటుంది. మోటార్‌సైకిల్ ఇంజిన్ల వణుకు దాన్ని పాడుచేయవచ్చని ఆపిల్ 2021లో హెచ్చరించింది. సైకిల్‌కు ఇంజిన్ లేకపోయినా, రాళ్ల మీద గంటల తరబడి అదురు తక్కువేం కాదు. అల్ట్రావైడ్ లెన్సుతో తీసి చూడండి. అది స్పష్టంగా వచ్చి, మెయిన్ కెమెరా మాత్రమే మసకబారితే అనుమానం అక్కడే. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. గుంటూరు పాఠకుడు గారూ, మీ హోల్డరు కూడా వాపసు ఇవ్వచ్చు. ఫోను జేబులో, చెవిలో ఇయర్‌ఫోను ఒకటే, దారి చెప్పే గొంతు మెల్లగా.