కెనడా డబ్బు ఇస్తుంది, మరి శరణార్థులు సొంత ఊళ్లకు వెళ్లే మాట ఎందుకు ఎత్తదు?

మీ ప్రశ్న ఇది: "పాలస్తీనా శరణార్థుల కోసం కెనడా కోట్ల డాలర్లు ఇస్తుంది కదా. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడినప్పటి యుద్ధంలో వాళ్లు వదిలి వచ్చిన ఊళ్లకు తిరిగి వెళ్లొచ్చో లేదో మాత్రం ఎందుకు తేల్చి చెప్పదు? అక్కడ ఉంటున్న తెలుగువాళ్లు ఎవరైనా చెప్పగలరా?"

నేను పదహారేళ్లుగా మిస్సిసాగాలో ఉంటున్నాను. ఒక డేకేర్‌లో ఉద్యోగం. ఏడేళ్లపాటు నాతో ఒకే గదిలో పనిచేసిన ఆవిడ గాజాలోని రఫా నుంచి వచ్చింది. ఆవిడ చెప్పిన సంగతులు, వాటిని అర్థం చేసుకోవడానికి తర్వాత నేను చదివినవి, ఈ రెండూ కలిపి రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. కెనడా అధికారిక వైఖరి ఏమిటంటే: శరణార్థుల సమస్యకు న్యాయమైన పరిష్కారం దొరకనిదే శాంతి రాదు, ఆ పరిష్కారం అంతర్జాతీయ చట్టం ప్రకారం శరణార్థుల హక్కులను గౌరవించాలి, అయితే ఇజ్రాయెల్, పాలస్తీనా ప్రతినిధులే కూర్చుని దాన్ని తేల్చుకోవాలి. చదవగానే బాగానే అనిపిస్తుంది. కానీ "హక్కులు" అన్నారే గాని ఏ హక్కులో చెప్పలేదు. తిరిగి వెళ్లే హక్కా, నష్టపరిహారమా, ఇంకో దేశంలో స్థిరపడటమా? ఆ ఖాళీని కావాలనే ఉంచారు. ఏది రాసినా ఒక పక్షం లేచి వెళ్లిపోతుంది. రాయకపోతే ఇద్దరితోనూ మాట్లాడుతూ ఉండొచ్చు. కెనడా ఎన్నో ఏళ్లుగా చేస్తున్నది అదే.

ఆవిడతో నా పరిచయం మొదలైందే ఈ దేశం పేరు మీద. చేరిన కొత్తలో, "మీరు కెనడాకు ఎప్పుడు వచ్చారు?" అని అడిగాను. "ఏ కెనడాకి?" అంది. నాకు అర్థం కాలేదు. లంచ్ టైమ్‌లో కాగితం మీద గీసి చూపించింది.

1956 సూయజ్ యుద్ధం తర్వాత ఐక్యరాజ్యసమితి తొలి శాంతి సేనను ఈజిప్టులోని సినాయ్ ఎడారికీ, దాని పక్కనే ఉన్న గాజాకీ పంపింది. ఆ ఆలోచన కెనడా మంత్రి లెస్టర్ పియర్సన్‌ది. దానికే 1957లో ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ సేనలోని కెనడా సైనికులు రఫా పక్కన విడిది చేసిన చోటికి వాళ్లు వెళ్లిపోయాక కూడా కెనడా అనే పేరే నిలిచిపోయింది. 1971లో ఇజ్రాయెల్ సైన్యం రోడ్లు వెడల్పు చేయడానికి రఫా శరణార్థి శిబిరంలో వందల ఇళ్లు కూల్చి, కొన్ని కుటుంబాలను అక్కడికి తరలించింది. అప్పట్లో సినాయ్, గాజా రెండూ ఇజ్రాయెల్ చేతిలోనే ఉన్నాయి కాబట్టి మధ్యలో గీత లేదు. 1982 ఏప్రిల్‌లో సినాయ్‌ని ఈజిప్టుకు తిరిగి ఇచ్చేటప్పుడు గీత పడింది. రఫా ఊరి మధ్యలోంచి కంచె వేశారు. కెనడా క్యాంపులోని దాదాపు 5,000 మంది ఈజిప్టు వైపు ఉండిపోయారు.

ఆవిడ అమ్మమ్మ ఇటు, మేనమామ కుటుంబం అటు. సాయంత్రాలు కంచె దగ్గరికి వెళ్లి కేకలు వేసి మాట్లాడుకునేవాళ్లట. ఎవరికి సంబంధం కుదిరిందో, ఎవరు పోయారో, ఎవరి బిడ్డ పాసయిందో, అన్నీ కేకల్లోనే. పక్కన ఇంకో పది కుటుంబాలు కూడా అరుస్తుంటాయి కాబట్టి మన మాట మనకు వినిపించాలంటే గొంతు చించుకోవాలి. "మా అమ్మకు ఇప్పటికీ ఫోన్లో గట్టిగా మాట్లాడే అలవాటు పోలేదు" అంది. ఆ మాట తలుచుకుంటే ఈ రోజుకీ నాకు గొంతు పట్టేస్తుంది.

అటు చిక్కుకున్నవాళ్లందరినీ గాజాకు చేర్చాలని ఇజ్రాయెల్, ఈజిప్టు రెండూ ఒప్పుకున్నాయి. నెలల్లో అయిపోవాల్సిన ఆ పని 2000 సంవత్సరం చివరిదాకా సాగింది. తెల్ అల్-సుల్తాన్ అనే పేటలో ఇళ్లు కట్టుకోవడానికి ఇచ్చిన డబ్బులో కొంత కెనడాది. ఈ విషయంలో కెనడా చేసినవాటిలో కంటికి కనిపించే మంచి పని ఇదేనని నా అభిప్రాయం. అలాగని దాని కొలత మర్చిపోకూడదు. నడిచి వెళ్లగలిగే దూరం, 5,000 మంది, పద్దెనిమిదేళ్లు. అదీ సొంత ఊరికి కాదు. ఒక శరణార్థి పేట నుంచి ఇంకో శరణార్థి పేటకు. ఆవిడ తాతగారి ఊరు యిబ్నా. ఇప్పుడది ఇజ్రాయెల్‌లో యావ్నే. రఫా శిబిరంలో ఒక పేటకు ఆ ఊరి పేరే పెట్టుకున్నారు.

ఇంతకీ ఆ పనిలోకి కెనడా ఎలా వచ్చింది? 1991లో ఇజ్రాయెల్, అరబ్ పక్షాల మధ్య జరిగిన మాడ్రిడ్ శాంతి సదస్సు తర్వాత నీళ్లు, ఆయుధాలు, పర్యావరణం లాంటి ఒక్కో అంశానికీ ఒక్కో బృందం పెట్టారు. శరణార్థుల బృందానికి అధ్యక్షత కెనడాకు ఇచ్చారు. ఎందుకంటే అది ఆ ప్రాంతాన్ని ఎప్పుడూ ఏలింది లేదు, ఎక్కడో దూరాన ఉంది, శాంతి సేనల పేరుంది, వలసవచ్చినవాళ్లను తీసుకునే దేశం. 1992 మేలో ఒట్టావాలో తొలి సమావేశం జరిగితే ఇజ్రాయెల్ రాలేదు. కారణం, బయటి దేశాల్లో ఉంటున్న పాలస్తీనీయులను కూడా పిలిచారని. శరణార్థుల మీద సమావేశానికి బయట ఉన్నవాళ్లు రాకూడదంటే ఇంకెవరు రావాలి? ఏమైనా ఆ మొదటి దెబ్బతో బృందం దారి మారింది. రాజకీయం పక్కన పెట్టి చేయగలిగిన పనులు పంచుకున్నారు. కుటుంబాలను కలపడం ఫ్రాన్స్, లెక్కల సేకరణ నార్వే, ప్రజారోగ్యం ఇటలీ, పిల్లల సంక్షేమం స్వీడన్. అన్నీ అవసరమైన పనులే. కానీ అసలు ప్రశ్న బల్ల మీదికి రాకుండానే 1990ల రెండో సగంలో ఆ సమావేశాలు ఆగిపోయాయి.

అసలు ప్రశ్న అంటే ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ 1948 డిసెంబర్ 11న ఆమోదించిన 194వ తీర్మానం. పొరుగువాళ్లతో శాంతిగా బతకాలనుకునే శరణార్థులను వీలైనంత త్వరగా ఇళ్లకు వెళ్లనివ్వాలని, వెళ్లనివాళ్ల ఆస్తికి నష్టపరిహారం ఇవ్వాలని దాని 11వ పేరా చెబుతుంది. కెనడా దానికి అనుకూలంగా ఓటు వేసింది. (మన దేశం ఆ రోజు ఓటింగ్‌కు దూరంగా ఉంది. అరబ్ దేశాలైతే వ్యతిరేకించాయి. ఇప్పుడు అందరూ దాన్నే పట్టుకుని మాట్లాడుతున్నారు.) శరణార్థుల కోసం పుట్టిన ఐరాస సంస్థ యూఎన్‌ఆర్‌డబ్ల్యూఏ, అంటే అన్‌ర్వా, 1950 మేలో పని మొదలుపెట్టినప్పుడు దాని తొలి డైరెక్టర్ కూడా కెనడావాడే, మేజర్ జనరల్ హోవార్డ్ కెనెడీ. అందుకే "మాకు సంబంధం లేదు, వాళ్లే తేల్చుకోవాలి" అనే ధోరణి నాకు నచ్చదు. ఈ దేశం మొదటి రోజు నుంచీ ఆ గదిలోనే ఉంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. నేను చాలాకాలం అనుకున్నది, "ఇంత పెద్ద దేశం, జనం తక్కువ, ఓ పది లక్షల మందిని తీసుకుంటే సరిపోదా?" అని. మా అమ్మ పుట్టిల్లు నందికొట్కూరు వైపు, శ్రీశైలం డ్యామ్ ముంపులో పోయిన ఊరు. మావాళ్లు నష్టపరిహారం తీసుకుని ఇంకో చోట ఇల్లు కట్టుకున్నారు. బాధ పడ్డారు, బతికారు. అదే లెక్కలో ఒకరోజు ఆవిడతో అన్నాను. ఆవిడ కోప్పడలేదు. "మీ అమ్మ ఇప్పుడు ఆ నీళ్ల దగ్గరికి వెళ్లగలదా?" అని అడిగింది. ఎండాకాలం నీళ్లు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, అమ్మ ఏటా వెళ్లి దండం పెట్టుకుని వస్తుంది అన్నాను. "వెళ్లడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు కదా. ఓటు ఉంది, పాస్‌పోర్ట్ ఉంది. మా తాతకు అవేవీ లేవు" అంది. నా దగ్గర జవాబు లేదు.

నాలాగే ఆలోచించి ఒక విదేశాంగ మంత్రి చిక్కుల్లో పడ్డాడు. 2001 జనవరిలో తాబాలో ఇజ్రాయెల్, పాలస్తీనా శాంతి చర్చల ముందు జాన్ మాన్లీ, ఒప్పందం కుదిరితే కెనడా కొందరు శరణార్థులను తీసుకోగలదని అన్నాడు. వెస్ట్ బ్యాంక్‌లో శరణార్థులు ఆయన దిష్టిబొమ్మ తగలబెట్టారు. ఆశ్రయం ఇస్తానంటే తగలబెట్టడమేమిటని ఇక్కడ చాలామందికి అర్థం కాలేదు. శరణార్థులు దీన్ని "తౌతీన్" అంటారు. అంటే పరాయి చోట పాతుకుపోయేలా చేసి, పాత ఊరి లెక్క మూసేయడం. వీసా వాళ్లకు వద్దని కాదు. ఆ వీసాతో తమ హక్కు రద్దయిపోతుందని భయం. రెండూ వేర్వేరని, వచ్చినవాళ్ల హక్కు పోదని మంత్రి ఒక్క మాట కలిపి ఉంటే వేరుగా ఉండేది. కానీ పైన చెప్పిన ఖాళీ వల్ల ఆ మాట అనడం కుదరదు.

ఇక డబ్బు. నా దృష్టిలో కెనడా అసలు వైఖరి ప్రకటనల్లో కన్నా ఇక్కడే బయటపడుతుంది. అప్పటి ప్రధాని హార్పర్ ప్రభుత్వం 2010లో అన్‌ర్వా సాధారణ నిధికి ఇచ్చేది ఆపి, కొన్నేళ్లకు మొత్తమే మానేసింది. 2012లో పాలస్తీనాకు ఐరాసలో పరిశీలక దేశ హోదా ఇచ్చే తీర్మానానికి 138 దేశాలు అనుకూలంగా ఉంటే, వ్యతిరేకించిన 9 దేశాల్లో కెనడా ఒకటి. ట్రూడో వచ్చాక 2016లో రెండున్నర కోట్ల కెనడియన్ డాలర్లతో సహాయం మళ్లీ మొదలైంది. 2023 జూన్‌లో నాలుగేళ్లకు పది కోట్ల దాకా ఇస్తామన్నారు. 2024 జనవరి 26న, ఇజ్రాయెల్ మీద హమాస్ చేసిన 2023 అక్టోబర్ 7 దాడిలో 12 మంది అన్‌ర్వా సిబ్బంది పాల్గొన్నారని ఇజ్రాయెల్ ఆరోపించగానే ఆపారు. మార్చి 8న మళ్లీ ఇస్తామన్నారు. ఆ ఆగస్టులో ఐరాస విచారణ ముగిసింది. తొమ్మిది మందికి సంబంధం ఉండి ఉండొచ్చని తేల్చి, వాళ్లను ఉద్యోగంలోంచి తీసేశారు. అది చిన్న విషయమని నేను అనను. కానీ ఆ సంస్థలో గాజాలోనే దాదాపు 13,000 మంది పనిచేసేవాళ్లు. టీచర్లు, నర్సులు, చెత్త ఎత్తేవాళ్లు. విచారణ మొదలవ్వక ముందే, ఆకలి ముదురుతున్న వారాల్లో నిధులు ఆపడం నాకు ఏ రకంగానూ సరి అనిపించలేదు.

నిధులు ఆగిన ఆ ఆరు వారాలు ఆవిడ డేకేర్‌లో పిల్లలకు అన్నం పెడుతూ ఫోన్ చూస్తూనే ఉండేది. అక్క గాజాలో అన్‌ర్వా స్కూల్ టీచర్. జీతం వస్తుందో రాదో అన్న టెన్షన్ కన్నా ఇంకో మాట ఎక్కువ అనేది: "వకాలా పోతే మేం ఎవరమని ఎవరు చెప్తారు?" వకాలా అంటే అరబిక్‌లో ఏజెన్సీ. వాళ్లందరూ అన్‌ర్వాను అలాగే పిలుస్తారు. వాళ్ల తాత పేరు, ఊరు యిబ్నా అని రాసి ఉన్న రికార్డు ఆ సంస్థ దగ్గరే ఉంది. రేషన్ కార్డుగా మొదలైన కాగితమే డెబ్భై అయిదేళ్లలో వాళ్ల ఊరికి మిగిలిన ఋజువైంది. దాతలు దాన్ని బియ్యం, పిండి లెక్కగా చూస్తారు. అందుకున్నవాళ్లు పట్టాదారు పాస్‌బుక్‌లా దాచుకుంటారు. ఈ తేడా తెలియకపోతే నిధులు ఆగినప్పుడు అంత భయం ఎందుకో అర్థం కాదు.

అన్‌ర్వా ఉండబట్టే సమస్య తెగట్లేదు, మనవల్ని కూడా శరణార్థులుగా లెక్కిస్తోంది అనే వాదన ఇక్కడ తరచూ వింటాను. 1950 నాటి ఏడున్నర లక్షలు ఇప్పుడు 59 లక్షలు అయ్యాయి, నిజమే. కానీ మిగతా దేశాల శరణార్థులను చూసే ఐరాస సంస్థ కూడా పరిష్కారం దొరికేదాకా పిల్లల్ని శరణార్థులుగానే లెక్కిస్తుంది. పాకిస్తాన్‌లో పుట్టిన అఫ్గాన్ పిల్లల్లాగే. లెక్క పెట్టడం మానేస్తే మనుషులు మాయమవరు.

2024 ఫిబ్రవరిలో నేను మా ప్రాంత ఎంపీకి ఉత్తరం రాశాను. జీవితంలో మొదటిసారి. పై వైఖరినే రెండు పేరాలుగా సాగదీసిన జవాబు వచ్చింది. మార్చిలో నిధులు తిరిగి ఇస్తామన్నప్పుడు నా ఉత్తరం వల్లేనని అనుకోలేదు గానీ, అలాంటివి చాలా వెళ్లాయని తెలుసు. మీరు కెనడాలో చదువుకోవడానికో స్థిరపడటానికో వస్తే రాయండి. పౌరసత్వం లేకపోయినా రాయొచ్చు.

ఇంకొకటి. 2024 జనవరిలో, కెనడాలో బంధువులున్న గాజావాసుల కోసం తాత్కాలిక వీసాలు మొదలుపెట్టారు. ముందు 1,000, తర్వాత 5,000 దరఖాస్తుల పరిమితి. గమనించండి, వచ్చేవాళ్లను శరణార్థులు అనలేదు. తాత్కాలికంగా ఉండే బంధువులు, అంతే. ఆవిడ తమ్ముడి కుటుంబం కోసం దరఖాస్తు పెట్టింది. ఆ మేలో రఫా సరిహద్దు మూతపడింది. తమ్ముడు పిల్లలతో ఖాన్ యూనిస్ గుడారాల్లోకి వెళ్లాడు.

2025 సెప్టెంబర్ 21న కెనడా పాలస్తీనాను దేశంగా గుర్తించింది. మన దేశం 1988లోనే గుర్తించింది. మంచి అడుగు, నేను సంతోషించాను. అయితే మీరడిగిన ప్రశ్నకు అది జవాబు ఇవ్వదు. గుర్తించిన దేశం వెస్ట్ బ్యాంక్, గాజాల్లో ఉంటుంది. యిబ్నా ఇజ్రాయెల్‌లో ఉంది. మరి యిబ్నా వాళ్లకు హక్కు ఏమిటంటే "వాళ్లే తేల్చుకోవాలి" అనే పాత వాక్యం దగ్గరే ఉన్నాం.

గుర్తింపు వార్త వచ్చిన మర్నాడు, సోమవారం, ఆవిడకు స్వీట్ డబ్బా తీసుకెళ్లాను. తీసుకుంది, పిల్లల టీచర్లందరికీ పంచింది. తర్వాత ఫోన్లో ఒక ఫొటో చూపించింది. తెల్ అల్-సుల్తాన్‌లో మేనమామ కట్టుకున్న ఇల్లు, రెండు గోడలు మిగిలాయి. "ఇది మీ డబ్బుతో కట్టిందే" అంది, నా చెయ్యి పట్టుకుని.