నేనెత్స్ ప్రాంతం అర్ఖాంగెల్స్క్‌లో భాగమా, విడి ప్రాంతమా?

రెండూ నిజమే: రష్యా ఉత్తరాన ఉన్న నేనెత్స్ స్వయంప్రతిపత్తి ప్రాంతం అర్ఖాంగెల్స్క్ ఓబ్లాస్త్‌లో (ఓబ్లాస్త్ అంటే రాష్ట్రం లాంటి పాలనా ప్రాంతం) భాగం, దానితో సమాన హోదా ఉన్న విడి యూనిట్ కూడా.

1929లో, రెయిన్‌డీర్లు మేపుకునే నేనెత్స్ ప్రజల పేరిట సోవియట్ ప్రభుత్వం దీన్ని ఏర్పరిచి, అప్పటి ఉత్తర క్రాయ్‌ (ఓబ్లాస్త్ లాంటిదే మరో పాలనా ప్రాంతం)లో చేర్చింది. 1937లో, ఆ క్రాయ్ స్థానంలో వచ్చిన ఉత్తర ఓబ్లాస్త్‌ను అర్ఖాంగెల్స్క్, వోలోగ్దాలుగా విడగొట్టినప్పుడు ఇది అర్ఖాంగెల్స్క్ వాటాకు వచ్చింది. 1993 రాజ్యాంగం దీనికి విడి హోదా ఇచ్చింది గానీ పాత ముడి మాత్రం విప్పలేదు. చిక్కంతా అక్కడే.

ఉదాహరణకు, పార్లమెంటు ఎగువ సభకు రెండూ చెరి ఇద్దరిని పంపుతాయి. అయినా అర్ఖాంగెల్స్క్ అసెంబ్లీ ఎన్నికల్లో నేనెత్స్ రాజధాని నర్యాన్‌మార్ ఓటర్లూ ఓటేస్తారు.

2020లో రెండూ కలిసిపోయాయని కొందరు పొరబడుతుంటారు. అది ప్రతిపాదన మాత్రమే. స్థానికులు గట్టిగా వ్యతిరేకించడంతో ఆగిపోయింది.